ఒక సహోదరి కోసం

ఢిల్లీ కంటోన్మెంట్,
25 ఆగస్టు 1996.

పిలిస్తే ఒక పట్టాన పలకని మా పొగరుబోతు వదినకు,

నీ ఆడపడుచు లీలావతి వందనాలు. నీ ఉత్తరం అంది పది రోజులైంది. మా ఆయన్ని వాళ్ళ సిగ్నల్స్ యూనిట్ వాళ్ళు ఎక్సర్‌సైజని రాజస్థాన్ ఇసుకలోకి పంపారు. హవల్దారు పెళ్ళానికి అన్ని పనులూ తనవే గదా, అందుకే జవాబు ఆలస్యమైంది. అన్నయ్య ఎలా ఉన్నాడు? హెడ్మాస్టరయ్యాక ఇంకా లావయ్యాడా?

పోయిన గురువారం మా బైబిలు స్టడీలో పెద్ద గొడవ జరిగింది. మూడు గంటలకల్లా తొమ్మిదిమందిమి దీనమ్మ ఆంటీ క్వార్టర్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. ఆంటీ భర్త సుబేదారు మేజరు. ఆవిడ మా అందరికీ జనరలు. ఈ మధ్య ఇక్కడి బేర్ సరాయ్ పేట నుంచి ప్రత్యూష అనే అమ్మాయి వస్తోంది. సివిల్సుకి చదువుతోంది. రెండు బస్సులు మారి వస్తుంది. వాక్యం కోసం కాదు, ఆంటీ చేసే పులిహోర కోసమేనని తనే చెప్పింది. అబీగయీలు కథ చదువుతుంటే ఆ పిల్ల మధ్యలో ఆపింది. "ఆంటీ, మొగుడికి చెప్పకుండా గాడిదల మీద రొట్టెలెక్కించుకుని, ఇంటి మీదికి దండెత్తి వస్తున్న దావీదు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి, నా మొగుడు నాబాలు మూర్ఖుడండీ అని పేరు పెట్టి మరీ చెప్పింది. మరి మనం లోబడాలి, లోబడాలి అంటారేంటి?" అంది. ఆంటీ ముఖం జేవురించింది. "అచ్ఛా, రొట్టెల గురించి మాట్లాడదాం" అని పేజీ తిప్పేసింది.

నాకు మాత్రం ఆ రోజంతా అదే ఆలోచన. చిన్నప్పుడు ఆదివారపు బడిలో నువ్వే నాకు అబీగయీలు కథ చెప్పావు. కంఠత వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పి బహుమతి కూడా కొట్టేశాను. ఆవిడ మొగుడి పేరు చెప్పిందన్న సంగతి ఇన్నేళ్ళూ నా కంటపడలేదు. అప్పజెప్పడానికీ చదవడానికీ ఇంత తేడా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

చివర్లో ప్రార్థన అవసరతలు చెప్పుకున్నాం. నువ్వు నేర్పిన పద్ధతే ఇక్కడా. ఎవరూ పేరు చెప్పరు, "ఒక సహోదరి కోసం" అంటారు. ఇక్కడి ఒక సహోదరిని భర్త కొడుతున్నాడట. రెండేళ్ళుగా ప్రార్థిస్తున్నాం. ఎవరో నాకు తెలియదు. నువ్వు ప్రతి ఉత్తరంలో రాసే మీ చీరాల సహోదరి కోసం కూడా చెప్పాను. అదే, మొగుడి దెబ్బకి ఎడమ చెవి వినికిడి పోయిన ఆవిడ. "ఇంకా బాగవలేదా ఆ సహోదరికి?" అని ఆంటీ అడిగింది.

నీ
లీల.

*

చీరాల,
14 సెప్టెంబరు 1996.

అబీగయీలు వకీలు లీలమ్మకు,

నీ వదిన దీవెనలు. నీ ఉత్తరం మధ్యాహ్నం పోస్టులో వచ్చింది. ఆ వేళకి మీ అన్నయ్య స్కూల్లో ఉంటారు గనుక తీరిగ్గా రెండుసార్లు చదివాను. నీ ఉత్తరాలు దాచడం లేదని కోప్పడకు. ఈ ఇంట్లో నాకంటూ పెట్టె లేదు.

మా స్త్రీల సమాజంలో అబీగయీలు దగ్గరికి వచ్చేసరికి ఆమె దావీదుకి పట్టుకెళ్ళిన ఎండుద్రాక్షల గురించీ అంజూరపు పళ్ళ గురించీ చెప్పుకుంటాం. నాబాలు గురించి ఒక మాట అని దాటేస్తాం. అక్కడ కూర్చున్న వాళ్ళల్లో ఎవరింట్లో నాబాలు ఉన్నాడో మాకేం తెలుసు? ఆ బేర్ సరాయ్ పిల్లకి పెళ్ళి కాలేదు గాబట్టి నోరు లేస్తోంది. కానీ ఆ పిల్లని పోగొట్టుకోకండి. పులిహోర పెడుతూ ఉండండి.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. ఈ నెలలో సంఘపెద్దగా మళ్ళీ ఎన్నుకున్నారు. నీ మేనకోడలు అనూహ్య గుంటూరులో నర్సింగు మొదటి సంవత్సరంలో చేరింది. ఇల్లు బోసిగా ఉంది. ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఒక అడ్డం ఉండేది.

ఆ సహోదరి కోసం ప్రార్థన మానకండి. ఆమెకిప్పుడు రెండో చెవి గురించి భయం పట్టుకుంది.

మీ వదిన,
సుగుణమణి.

*

ఢిల్లీ కంటోన్మెంట్,
20 అక్టోబరు 1996.

వదినా,

వందనాలు గిందనాలు రాసే ఓపిక లేదు. ఒళ్ళు మండిపోతోంది.

మా గుంపులో కమల అని ఒకమ్మాయి ఉందని ఇదివరకు రాశాను. శ్రీకాకుళం పిల్ల, లాన్స్ నాయక్ భార్య. చూపు ఆనదు గనుక పాటలప్పుడు నా పక్కన కూర్చుని నా పుస్తకంలోకి తొంగిచూసేది. పదో తారీకు గురువారం రాలేదు. మర్నాడు నేనూ ప్రత్యూషా ఆసుపత్రికి వెళ్ళాం. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. స్నానాలగదిలో జారిందని మొగుడు రాయించాడు. వాడు బయట టీ తాగడానికి వెళ్ళగానే కమల నోరు విప్పింది.

"రెండేళ్ళనుంచి నాను సెప్తున్న సహోదరి నానే అక్కా. మీకెవరికీ తెల్దేటి?"

తెలియదు వదినా. నిజంగా తెలియదు! ప్రతి గురువారం నా భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకొస్తే నేను పరాచికాలాడాను. అది "ఒక సహోదరి కోసం" అంటే మేమందరం కళ్ళు మూసుకుని ప్రార్థించి, ఆమెన్ అని, పకోడీలు తిని ఇళ్ళకి వచ్చాం. మా విశ్వాసం ఎంత గొప్పదో చూడు.

పదిహేడున ఆంటీ అందరినీ పిలిచింది. బైబిలు తెరవలేదు. "రెండేళ్ళు కళ్ళు మూసుకునే ఉన్నాం. ఒక్కళ్ళమన్నా కళ్ళు తెరిచి పక్కన కూచున్న పిల్లకేసి చూళ్ళేదు. ఇందులో పెద్ద పాపం నాదే. పరువు, పరువు అని మీ నోళ్ళు నొక్కింది నేనే" అని ఏడ్చింది. జనరలు ఏడవడం మేమెప్పుడూ చూడలేదు. కొంగు దోపుకుని లేచి, "బైబిలు స్టడీ ఇవాళ కమాండింగాఫీసర్ దగ్గర. పదండి" అంది. తొమ్మిదిమందిలో కమల లేదు. మిగతా ఎనిమిదిమందిమీ వెళ్ళాం. ఆయనకి తెలుగు రాదు, ఆంటీకి కోపమొస్తే హిందీ రాదు. ప్రత్యూష ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. కమల మొగుడు ఇప్పుడు బ్యారక్సులో ఉంటున్నాడు, విచారణ నడుస్తోంది. కమల ఆంటీ ఇంట్లో ఉంది.

ఇకమీదట మా గుంపులో "ఒక సహోదరి" లేదు. చెప్పదలుచుకుంటే "నా కోసం" అని చెప్పాలి. తిరిగొచ్చాక ఆ సాయంత్రమే మొదటిసారి అలా చెప్పుకున్నప్పుడు ఎవరం కళ్ళు మూసుకోలేదు. దేవుడు మా మధ్య ఉన్నాడని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. అంతకుముందు ఉన్నది నమ్మకం కాదు, అలవాటు.

అందుకే అడుగుతున్నాను. మీ చీరాల సహోదరి ఎవరు? పేరు చెప్పు.

లీల.

*

చీరాల,
5 నవంబరు 1996.

లీలకు,

కమల సంగతి చదివి అన్నం తినలేకపోయాను. ఆ పిల్లని మీ ఆంటీ దగ్గరే ఉంచండి.

పేరు మాత్రం అడగకు. మీకు వెనక పటాలముంది. కమాండింగాఫీసరుకి చెప్తే మొగుణ్ణి బ్యారక్సులో పెడతాడు. ఇక్కడ ఆఫీసరెవరు? ఆమె భర్త ఊళ్ళో పెద్దమనిషి. ఆయన గట్టిగా మాట్లాడడం కూడా ఎవరూ వినలేదు. ఆమె చెప్తే ఎవరు నమ్ముతారు? ముందు నువ్వే నమ్మవు.

"ఒక సహోదరి" అన్న మాటని తీసి పారేశామని గొప్పగా రాశావు. లోకంలో ఎక్కడా చెప్పుకునే దిక్కులేని ఆడది తన గోడు నలుగురి ముందూ చెప్పుకోవడానికి ఆ రెండు మాటలే దారి. పదేళ్ళు ఆ మాటల చాటున బతికిన వాళ్ళు ఉంటారు. అది అలవాటంటావు, నమ్మకం కాదంటావు. వెక్కిరించడం తేలికే!

ఇక ఆ ప్రార్థన ఆపేయండి. ఆమె అవసరత తీరిపోయింది.

సుగుణమణి.

*

ఢిల్లీ కంటోన్మెంట్,
19 నవంబరు 1996.

వదినా,

నీ ఉత్తరం చూసి నాకు మతిపోయింది. అవసరత తీరిపోయిందా? చెవి తిరిగొచ్చిందా? నాకు అబద్ధం చెప్పడం నీకు చేతకాదు. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటువి, పదిమంది ఆడవాళ్ళకి వాక్యం చెప్పేదానివి, ఒక పెద్దమనిషికి జడిసి నోరు మూసుకుంటావా? సిగ్గుగా లేదూ? నువ్వు నాకు నేర్పిన భక్తి ఇదేనా?

నువ్వు చెప్పకపోతే చెప్పించే మనిషి నాకున్నాడు. నిన్ననే అన్నయ్యకి కార్డు రాసి పడేశాను. ఇంటికి రాస్తే నువ్వు చింపేస్తావని స్కూలు అడ్రసుకి వేశాను. "అన్నయ్యా, మీ సంఘంలో ఒక సహోదరి భర్త దెబ్బలకి ఎడమ చెవి పోగొట్టుకుంది, రెండోది కూడా పోయేలా ఉంది. వదినకి తెలుసు, చెప్పడం లేదు. నువ్వు సంఘపెద్దవి, వాడెవడో కనుక్కుని నలుగురిలో నిలబెట్టు" అని రాశాను.

తుఫాను రోజు నన్ను వీపున కట్టుకుని బడి మేడ ఎక్కించిన మనిషి మా అన్న. తొమ్మిదేళ్ళదాన్ని నేను. పీకల్లోతు నీళ్ళలో నడుస్తూ, భయపడకే లీలా అని పాట పాడాడు. ఆడదాని మీద చెయ్యెత్తినవాణ్ణి ఆయన వదిలిపెట్టడు. నీకు లేని ధైర్యం ఆయనకుంది.

కోపంగానే,
లీల.

*

గుంటూరు,
9 డిసెంబరు 1996.

లీలావతికి,

పైన గుంటూరు అని చూసి కంగారుపడి ఉంటావు. పడు.

నీ కార్డు ఇరవై అయిదున స్కూలుకి వచ్చింది. ముందు గుమాస్తా చదివాడు, తరవాత ప్యూను చదివాడు, స్టాఫ్ రూములో ముగ్గురు టీచర్లు చదివారు. అప్పుడు హెడ్మాస్టరుగారికి అందింది. సాయంత్రం అయిదింటికి ఇంటికొచ్చి కార్డు బల్లమీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "చెప్పు, ఎవరా సహోదరి?" అని అడిగాడు.

వాడెవడో కనుక్కోమన్నావుగా. కనుక్కున్నాడు.

పదకొండేళ్ళ కిందట ఎడమ చెవి పోయింది. కూరలో ఉప్పు సంగతో, ఇంకేదో, కారణం కూడా నాకిప్పుడు గుర్తులేదు. అప్పట్నుంచి నువ్వు ఎడమపక్క నుంచి పిలిచినప్పుడల్లా నాకు వినబడేది కాదు. "వదినకి పొగరు, పిలిస్తే పలకదు" అని నీ పెళ్ళిలో అందరి ముందూ అన్నావు. అందరూ నవ్వారు. మీ అన్నయ్య కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నీ ఉత్తరాలూ ఆ మాటతోనే మొదలయ్యేవి.

ఆ రోజు కుడి చెవి మీద కొట్టాడు. లోపల ఇప్పటికీ హోరు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చునని డాక్టరు అంటున్నాడు.

ఆ వచ్చిన ఆదివారం ఆయన గుడిలో నిలబడి, మన మధ్య బాధపడుతున్న ఒక సహోదరి కోసం ప్రార్థిద్దాం అన్నాడు. కార్డు సంగతి అప్పటికే ఊరంతా పాకింది గదా, తనే ముందు ప్రార్థిస్తే తన మీద అనుమానం రాదని. గొంతు వణికించాడు. ముందు వరుసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నా మాటలు లీలా, నేను పదకొండేళ్ళు దాక్కున్న మాటలు, వాటిని కూడా తీసేసుకున్నాడు. ఆ క్షణం నాకొచ్చిన కోపం పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ రాలేదు. దెబ్బలకి కూడా రాలేదు. అందరూ కళ్ళు మూసుకుని ఉండగా లేచి, "ఆ సహోదరిని నేనే, కొట్టినవాడు ఈయనే" అని గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు గనుక బహుశా అరిచి ఉంటాను. ఆమెన్ అనకుండా బయటికి వచ్చి గుంటూరు బస్సెక్కాను. అనూహ్య హాస్టలు పక్కనే ఒక గదిలో ఉంటున్నాను.

జనవరి పందొమ్మిదిన సంఘపెద్దలు కూర్చుంటారట. నాకు మతి స్థిమితం లేదని, చెవి పోయింది చిన్నప్పటి జ్వరం వల్లనని ఆయన చెబుతున్నాడు. మా అమ్మానాన్నలు లేరు. జ్వరం రాలేదని చెప్పే దిక్కు లేదు. తప్పు ఒప్పుకుని కాపురానికి వెళ్ళమని పాస్టరుగారు కబురు పెట్టారు.

నువ్వు నన్ను సిగ్గుగా లేదా అని అడిగావు. ఉండేది. ఇప్పుడు లేదు. నిన్ను సాయమడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాడు నీ అన్న, నిన్ను వీపున మోశాడు. నువ్వెటు ఉంటావో నాకు తెలుసు.

సుగుణమణి.

*

ఢిల్లీ కంటోన్మెంట్,
9 జనవరి 1997.

సుగుణమణి వదినకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి జవాబు రాస్తూనే ఉన్నాను. నాలుగు చించేశాను. క్షమించమని రాస్తే నాకే అసహ్యంగా ఉంది. తప్పు చేసి, దాన్ని మళ్ళీ నీ చేతిలోనే పెట్టి మోయమన్నట్టుంది. అందుకని అది రాయను.

మొదటి మూడు రోజులు నేను నమ్మలేదు. నువ్వు అన్నదే నిజమైంది. వదిన పొరపాటు పడి ఉంటుంది, ఏదో కోపంలో ఒకసారి తగిలి ఉంటుంది, ఇలాంటి మాటలే నాకు తోచాయి. కమల మొగుడి తల్లి సరిగ్గా ఈ మాటలే అంటే నేను ఆవిడ మీద అరిచాను. నా ఇంటిదాకా వచ్చేసరికి నా నోట్లోనూ అవే ఉన్నాయి. నా మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

నాలుగో రోజు అన్నయ్య ఉత్తరం వచ్చింది. దీవెనలు, వాక్యం, నా ఆరోగ్యం, అన్నీ అయ్యాక చివర్లో ఇలా రాశాడు: మీ వదినకి చిన్నతనంలో జ్వరమొచ్చి చెవి పోయిన సంగతి నీకు తెలుసు గదమ్మా, పెళ్ళినాటికే వినబడేది కాదు గదా, ఆ ముక్క రాసి సంతకం పెట్టి పంపు, పెద్దలకి చూపిస్తాను. కొట్టానని లేదు, కొట్టలేదనీ లేదు. దోసకాయ విత్తనాలు పంపమన్నంత మామూలుగా అడిగాడు. అప్పుడు నమ్మాను.

గురువారం గుంపులో చెప్పాను. "ఒక సహోదరుడు" అని మొదలుపెట్టాను. నా నోరు అంత మోసకారిది. కమల కట్టు ఉన్న చేత్తోనే నా మోచెయ్యి పొడిచి, "పేరు సెప్పక్కా" అంది. చెప్పాను. మా అన్న దేవదానం, చీరాలలో హెడ్మాస్టరు, మా వదిన చెవి పగలగొట్టాడు అని చెప్పాను. అబీగయీలు మొగుడి పేరు చెప్పింది గదా అని ప్రత్యూష అన్నప్పుడు సరదాగా విన్నాను. పేరు నోటినుంచి రావడానికి ఎంత బరువో ఆ గురువారం తెలిసింది.

ఆంటీ ప్రార్థన చెయ్యలేదు. "పెళ్ళి నాడు ఆవిడకి వినబడేదని నీకెలా తెలుసు?" అని మాత్రం అడిగింది. నాకు తెలుసు వదినా. నీకూ గుర్తుండే ఉంటుంది. నీ పెళ్ళిలో నేను పదేళ్ళదాన్ని. పెళ్ళికూతురి గది తలుపు అవతల నేనూ మా పిన్ని కూతుళ్ళూ గుసగుసలాడుతున్నాం. వదిన నల్లగా ఉందే అన్నాను నేను, చెవిలో చెప్పినంత మెల్లగా. నువ్వు లోపలినుంచి, "నల్లగానే ఉంటాను, నీ గాజులు కూడా నాకే ఇచ్చేయి, నాకు నప్పుతాయి" అన్నావు. భయంతో పారిపోయాను. అంత మంచి చెవులు నీవి. ఆ రోజు నువ్వు విన్నావని చెప్పగల మనిషిని నేనున్నాను. అన్నయ్య సాక్ష్యమడిగాడు. ఇస్తాను.

రాసి పంపను. రాసిన కార్డు ఏం చేసిందో చూశాను. పదిహేనున జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. అన్నయ్య ఉత్తరం నా దగ్గరే ఉంది, పెద్దల ముందు చదివి వినిపిస్తాను. మా ఆయన "ఠీక్ హై, వెళ్ళు" అన్నారు. ఆ మాట అనకపోయినా వెళ్ళేదాన్ని. తుఫాను రోజు నన్ను మోసిన వీపు నాకు గుర్తుంది, జీవితాంతం ఉంటుంది. అందుకే ఇంత మంటగా ఉంది. ఆ మనిషీ ఈ మనిషీ వేరైతే ఎంత బాగుండేది! కాదు. ఒక్కడే.

కాపురానికి వెళ్ళమని ఎవరైనా అంటే ముందు నాతో మాట్లాడాలి. నీకు ఇష్టమైతే నాతో ఢిల్లీ రా, ఆంటీ ఇంట్లో కమల గదిలో ఇంకో మంచం పడుతుంది. గుంటూరులోనే ఉంటానంటే ఉండు. నీ మాట ప్రకారమే అన్నీ.

రైలు దిగి బస్సు పట్టుకుని పదిహేడు మధ్యాహ్నం గుంటూరు బస్టాండులో దిగుతాను. నువ్వు కనబడగానే దూరంనుంచి కేకలు వెయ్యను. దగ్గరికి వచ్చి, నీ కుడిపక్కన నిలబడి పిలుస్తాను. వినబడకపోతే చెయ్యి తాకి, నీ ఎదురుగా నిలబడి మళ్ళీ పిలుస్తాను. వినబడ్డాక పలుకుతావో లేదో నీ ఇష్టం.

లీలావతి.